ఇంటి నిద్ర పరీక్షలో 'నార్మల్' అని వచ్చినంత మాత్రాన

సంపాదకులు గారికి,

నమస్కారం. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి పదే పదే ఆగిపోయే స్లీప్ ఆప్నియా అనే జబ్బు అనుమానం ఉన్నవారు ఇకపై ఆసుపత్రిలో రాత్రి గడపనక్కరలేదని, వేలికి తొడిగే చిన్న పరికరంతో ఇంట్లోనే పరీక్ష పూర్తవుతుందని మీ బెంగళూరు సంచికలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. అందులో చెప్పినదేదీ తప్పు కాదు. అయితే పరీక్షలో జబ్బు ఉన్నట్టు తేలినవారి సంగతే ఆ వ్యాసంలో ఉంది, లేదని తేలినవారి సంగతి లేదు. ఆ రెండో రకం రిపోర్టును నమ్మి 11 నెలలు నిశ్చింతగా ఉండిపోయిన కుటుంబం మాది. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవైనా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. నేను వైద్యుణ్ణి కాను. హిందూపురం నుంచి వచ్చి, ఈ నగరంలో బ్యాంకు ఉద్యోగం చేసి, రిటైరైన తర్వాత యలహంకలో స్థిరపడినవాణ్ణి. లెక్కలు సరిచూడటమే నా వృత్తి కనుక, ఈ రిపోర్టులోని లెక్క మనిషిని ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో తెలుసుకోవడానికి ఓపికగా ప్రయత్నించాను.

ఇంటి పరీక్ష వద్దని నేను అనడం లేదు. అది లేకపోతే ఈ నగరంలో వేలమందికి ఏ పరీక్షా జరగదు. మా వీధిలో అనంతపురం జిల్లా నుంచి వచ్చిన టాక్సీ డ్రైవరు ఒకాయన ఉన్నారు. వయసు 44. రాత్రి 9 గంటల నుంచి తెల్లవారే దాకా దేవనహళ్లి విమానాశ్రయానికీ ఊరికీ మధ్య బండి నడుపుతారు. పగలు 9 తర్వాత పడుకుని మధ్యాహ్నం 3 గంటలకు లేస్తారు. బీపీకి రెండు రకాల మాత్రలు వాడినా అదుపులోకి రాలేదు. గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి ఊపిరి నిలిచిపోయి, కాసేపటికి ఉలిక్కిపడి గుటకలు వేస్తూ మళ్లీ పీలుస్తున్నాడని ఆయన భార్య భయపడుతూ మా ఇంట్లో చెప్పింది. హెబ్బాళ సిగ్నల్ దగ్గర బండి ఆపి కునుకు తీశారని, వెనక వాళ్లు హారన్ కొడితే గాని మెలకువ రాలేదని ఆయనే ఒప్పుకున్నారు. డాక్టరు ఆసుపత్రిలో నిద్రను పరీక్షించే స్లీప్ ల్యాబ్‌లో పరీక్ష చేయించుకోమన్నారు. "ఆస్పత్రిలో రాత్రంతా పండుకుంటే బండి ఎవరు తోలతారు సార్?" అని ఆయన నన్ను అడిగారు. దానికి నా దగ్గర సమాధానం లేదు. పరీక్షకు 12,000 రూపాయలు, దానికి తోడు ఒక రాత్రి సంపాదన పోతుంది. పైగా ఆ ల్యాబ్ పనిచేసేది రాత్రిపూటే. ఏళ్ల తరబడి పగలు నిద్రపోవడానికి అలవాటుపడిన శరీరాన్ని రాత్రి 10 గంటలకు పడుకోబెట్టి, నెత్తికి తీగలు అంటించి నిద్రపొమ్మంటే వచ్చే నిద్ర అతని నిద్ర కాదు.

చివరికి 4,500 రూపాయలకు ఇంటి పరీక్ష చేయించారు. తన గదిలో, తన పరుపు మీద, తాను రోజూ నిద్రపోయే పగటి వేళలోనే పరికరం కట్టుకుని పడుకున్నారు. గంటకు 46 సార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో జరుగుతోందని, రక్తంలో ఆక్సిజన్ ఒక దశలో 68 శాతానికి పడిపోయిందని తేలింది. ఈ లెక్క గంటకు 5 లోపు ఉంటే మామూలు, 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం అని వైద్యులు విభజిస్తారు. కాబట్టి ఆయన విషయంలో సందేహానికి తావే లేదు. నిద్రలో మాస్కు ద్వారా గాలి పంపే సీప్యాప్ మెషీన్‌ను వాయిదాల మీద కొనుక్కున్నారు. రెండు నెలల్లో బీపీ మాత్ర ఒకటి తగ్గింది, బండి నడుపుతూ తూలడం ఆగింది. రాత్రిపూట పనిచేసే డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, కాల్ సెంటర్ల ఉద్యోగులు, ఆసుపత్రి నర్సులు ఇంతమంది ఉన్న నగరంలో ఈ పరీక్షకు ఉన్న విలువ ఆ ఒక్క ఇంటిని చూస్తేనే తెలుస్తుంది.

ఈ అవసరం ఎంత పెద్దదో చెప్పే అంచనా ఒకటి ఉంది. దేశంలో అంతకు ముందు జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2023లో వేసిన లెక్క ప్రకారం, పనిచేసే వయసులో ఉన్న భారతీయుల్లో సుమారు 10.4 కోట్ల మందికి ఈ జబ్బు ఉండవచ్చు. వారిలో 4.7 కోట్ల మందికి అది మధ్యస్థంగా గాని తీవ్రంగా గాని ఉండవచ్చు. చికిత్స కొత్తదేమీ కాదు. ముక్కు ద్వారా కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపి, నిద్రలో కుంగిపోయే గొంతును తెరిచి ఉంచే పద్ధతిని 1981లోనే సిడ్నీలో కాలిన్ సల్లివన్ బృందం ప్రకటించింది. చికిత్స దొరికి నలభై ఏళ్లు దాటినా జబ్బు ఎవరికుందో కనిపెట్టడంలోనే వెనకబడి ఉన్నాం. అమెరికాలో వృద్ధుల వైద్యబీమా పథకమైన మెడికేర్ కూడా 2008లో ఇంటి పరీక్ష ఆధారంగా సీప్యాప్ ఇవ్వడానికి అంగీకరించింది. ఇంతవరకు మీ వ్యాసంతో నాకు పేచీ లేదు.

ఇక నా భార్య విషయానికి వస్తాను. ఆమె వయసు 57. డ్రైవరుగారిలా ఇల్లు అదిరేట్టు గురక పెట్టే మనిషి కాదు. లావు కూడా కాదు. ఆమె బాధలు వేరు. తెల్లవారేసరికి తల దిమ్ముగా ఉండేది, రాత్రి మూడుసార్లు మూత్రానికి లేచేది, 2 గంటలకు మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టేది కాదు, పగలంతా నీరసంగా ఉండేది, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయేది. నెలసరి ఆగిన వయసు కాబట్టి అలాగే ఉంటుందన్నారు. థైరాయిడ్ చూశారు, షుగర్ చూశారు, రెండూ బాగానే ఉన్నాయి. చివరికి నిద్రమాత్ర రాశారు. సన్నగా గురక వస్తుందన్న సంగతి ఆమె ఏ డాక్టరుకూ చెప్పలేదు. మన ఇళ్లలో మగవాడి గురకను నవ్వుకుంటూ చెప్పుకుంటారు, ఆడమనిషి గురక బయటికి రాకూడని విషయంగా ఉండిపోతుంది. చుట్టాలు వచ్చిన రోజుల్లో ఆమె అందరూ నిద్రపోయాక పడుకుని, అందరికంటే ముందే లేచేదని నాకు ఆలస్యంగా అర్థమైంది. ముప్పై ఏళ్లుగా పక్కన పడుకుంటున్నవాణ్ణి, నేనైనా డాక్టరుతో చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

మా అబ్బాయి ఫోన్లోనే ఒక సంస్థకు డబ్బు కట్టి ఇంటి పరీక్ష ఏర్పాటు చేశాడు. సాయంత్రం 7 గంటలకు ఒక కుర్రవాడు డబ్బా తెచ్చి ఇచ్చి, ఛాతీకి కట్టే పట్టీ, ముక్కు దగ్గర పెట్టే గొట్టం, వేలికి తగిలించే క్లిప్పు చూపించి, మిగిలినది వీడియోలో ఉంటుందని చెప్పి ఐదు నిమిషాల్లో వెళ్లిపోయాడు. ఆ వీడియో ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంది. తెలుగులో లేదు సరే, కన్నడంలో కూడా లేదు. ఆషాఢమాసం కావడంతో ఆమె వేళ్లు గోరింటాకుతో ఎర్రగా పండి ఉన్నాయి. అది కొలతకు అడ్డమా అని అడిగితే ఆ అబ్బాయికి తెలియలేదు. వేలి గుండా కాంతిని పంపి, అవతలికి ఎంత వచ్చిందో చూసి ఆక్సిజన్ లెక్కగట్టే పద్ధతి ఇది. గోళ్ల రంగుగాని, నల్లటి మెహందీగాని ఆ కాంతికి అడ్డుపడవచ్చు. పరికరం ఇవ్వడానికి వచ్చే మనిషికి తెలిసి ఉండవలసిన మొదటి సంగతి ఇదే. చర్మం రంగుకూ ఈ కొలతకూ సంబంధం ఉంది. శ్వేతజాతి రోగులతో పోలిస్తే నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోయినా ఆక్సీమీటరు పసిగట్టలేకపోవడం దాదాపు మూడు రెట్లు ఎక్కువగా ఉందని 2020లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు వెల్లడించారు. ఆ పొరపాటు, ఉన్న జబ్బును లేదనిపించే వైపే మొగ్గుతుంది.

ఆ రాత్రి ఆమె పట్టీ జారుతుందేమోనని, గొట్టం ఊడుతుందేమోనని కదలకుండా పడుకుంది. నిద్ర పట్టేసరికి ఒంటిగంట దాటింది. మధ్యలో రెండుసార్లు లేచి, పరికరంతోనే బాత్రూముకు వెళ్లి వచ్చింది. మర్నాడు సాయంత్రానికి ఈమెయిల్లో రిపోర్టు వచ్చింది. నాలుగు పేజీల గ్రాఫులు, పైన పెద్ద అక్షరాల్లో గంటకు 4 అన్న అంకె, దాని పక్కన నార్మల్ అన్న మాట. వైద్యుడి సంతకం లేదు. మేము సంతోషించాము. రిపోర్టును ఫైల్లో పెట్టి, నిద్రమాత్ర కొనసాగించాము. కొన్ని రకాల నిద్రమాత్రలు గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయని, ఈ జబ్బు ఉన్నవారికి అవి కీడు చేయవచ్చని అప్పటికి మాకెవరూ చెప్పలేదు.

పదకొండో నెలలో, మూడు మాత్రలు వాడుతున్నా బీపీ 170 దాటడంతో వేరే ఫిజీషియన్ దగ్గరికి వెళ్లాము. ఆయన పాత కాగితాలన్నీ తిరగేసి, ఈ రిపోర్టు దగ్గర ఆగి, "ఆ రాత్రి మొత్తం మీద ఎంతసేపు నిద్రపోయి ఉంటారమ్మా?" అని అడిగారు. నాలుగు గంటలు ఉండవచ్చని ఆమె చెప్పింది. ఆయన ఆ కాగితం మీదే పెన్నుతో లెక్క వేసి చూపించారు. పరికరం రికార్డు చేసిన సమయం 7 గంటలు. ఊపిరి అడ్డుపడిన సంఘటనలు 28. ఇరవై ఎనిమిదిని ఏడుతో భాగిస్తే నాలుగు. కాని ఆమె నిద్రపోయినది నాలుగు గంటలే. మెలకువగా ఉన్న మూడు గంటల్లో ఈ జబ్బు కనిపించే అవకాశమే లేదు. నాలుగుతో భాగిస్తే గంటకు 7. ఆ ఒక్క భాగహారంతోనే మామూలు అన్నది జబ్బుగా మారింది.

సంపాదకులు గారూ, ఈ లెక్కను నేను ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మనదగ్గర ఎక్కువగా వాడే ఇంటి పరికరాలు గాలి రాకపోకలను, ఛాతీ కదలికను, ఆక్సిజన్‌ను, నాడిని కొలుస్తాయి. మెదడు తరంగాలను కొలవవు. కాబట్టి పడుకున్న మనిషి నిద్రపోతున్నాడా, పైకప్పు చూస్తూ ఉన్నాడా అన్నది వాటికి తెలియదు. పరికరం నడిచిన సమయమంతటినీ నిద్రగా లెక్కవేస్తాయి. హాయిగా నిద్రపోయేవారిలో దీనివల్ల వచ్చే తేడా స్వల్పం. నిద్ర పట్టకపోవడమే ప్రధాన బాధగా ఉన్నవారిలో, అంటే సరిగ్గా నా భార్యవంటి వారిలో, తేడా పెద్దది. రెండో లోపం ఇంకా లోతైనది. గొంతు సగం మూసుకుని గాలి తగ్గినప్పుడు ప్రతిసారీ ఆక్సిజన్ పడిపోనక్కరలేదు. అంతకు ముందే మెదడు ఉలిక్కిపడి కొన్ని క్షణాలు మేల్కొని, గొంతును తెరిపిస్తుంది. ఆ మేలుకోవడం మనిషికి గుర్తుండదు, కాని నిద్ర మాత్రం ముక్కలైపోతుంది. ల్యాబ్‌లో తలకు అంటించిన తీగలు దాన్ని పట్టుకుంటాయి. ఇంటి పరికరం లెక్కలోకి అది రాదు. మూడోది, స్త్రీలలో ఈ అడ్డంకులు తరచుగా రాత్రంతా సమానంగా ఉండవు, కలలు వచ్చే దశలోనే గుమిగూడతాయి. ఆ దశలో గొంతు కండరాలు బాగా సడలి ఉంటాయి. తెల్లవారుజామున గంటసేపు ఉక్కిరిబిక్కిరైనా, దాన్ని రాత్రి మొత్తం మీద పరచి సగటు తీస్తే చిన్న అంకె వస్తుంది.

ఆ ఫిజీషియన్ సలహా మీద ల్యాబ్‌లో పరీక్ష చేయించాము. నెత్తి మీద, కళ్ల పక్కన, గడ్డం కింద, పిక్కల మీద తీగలు అంటించి, రాత్రంతా ఒక టెక్నీషియన్ పక్కగదిలోంచి గమనిస్తూ కూర్చున్నారు. నిజం చెప్పాలంటే అక్కడా ఆమెకు సరిగా నిద్ర పట్టలేదు. కొత్త చోట మొదటి రాత్రి నిద్ర చెడటం ల్యాబ్ పరీక్షకు ఉన్న లోపమే. కాని ఎంతసేపు నిద్రపోయిందో అక్కడి యంత్రానికి తెలుసు కాబట్టి లెక్క చెడలేదు. గంటకు 19. కలల నిద్రలో గంటకు 41. ఆక్సిజన్ కనిష్ఠంగా 79 శాతం. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేవడానికి కూడా కారణం ఇదేనని అప్పుడు తెలిసింది. మూసుకుపోయిన గొంతుకు ఎదురు ఛాతీ బలంగా లాగినప్పుడు గుండె గదులు సాగి, ఒంట్లో నీరు ఎక్కువైందని పొరబడి, మూత్రం పెంచే హార్మోన్‌ను విడుదల చేస్తాయట. మెషీన్ మొదలుపెట్టిన వారానికే ఆమె లేవడం ఒకసారికి తగ్గింది. మాస్కు అలవాటు కావడానికి మాత్రం ఆరు వారాలు పట్టింది, రెండు రకాలు మార్చవలసి వచ్చింది.

వేలి రక్తనాళాల బిగువును, నాడిని బట్టి నిద్రను అంచనా వేసే పరికరాలు కూడా ఉన్నాయని మీ వ్యాసంలో రాశారు. నిజమే. మొదటి లోపాన్ని అవి కొంతవరకు సరిచేస్తాయి. కాని అది అంచనాయే. పైగా ప్రోస్టేటుకు గాని బీపీకి గాని ఆల్ఫా బ్లాకర్ రకం మందులు వాడేవారిలో ఆ కొలతను నమ్మడానికి వీల్లేదు. నా వయసు మగవారిలో ఆ మాత్రలు వేసుకునేవారు ఎంతమందో చెప్పనక్కరలేదు. చేతి గడియారాలు ఇచ్చే హెచ్చరికల సంగతి కూడా ఇంతే. హెచ్చరిక వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, రాకపోతే జబ్బు లేదని అనుకోకూడదు.

ఇదంతా ఎవరికీ తెలియని రహస్యం కాదు. అమెరికన్ నిద్రవైద్య అకాడమీ 2017లో ప్రచురించిన మార్గదర్శకాల్లో దీన్ని స్పష్టంగా రాసింది. వేరే చిక్కులు లేని పెద్దవారిలో, మధ్యస్థమైన లేదా తీవ్రమైన జబ్బు ఉండే సూచనలు బలంగా కనిపించినప్పుడు ఇంటి పరీక్ష సరిపోతుంది. ఆ పరీక్షలో జబ్బు లేదని వచ్చినా, తేలకపోయినా, రికార్డింగు సరిగా రాకపోయినా ల్యాబ్ పరీక్ష చేయాలి. పక్షవాతం వచ్చినవారికి, తీవ్రమైన గుండె లేదా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి, కండరాల బలహీనత వల్ల శ్వాస మందగించేవారికి, చాలాకాలంగా ఓపియాయిడ్ రకం నొప్పిమందులు వాడేవారికి, తీవ్రమైన నిద్రలేమి ఉన్నవారికి మొదటే ల్యాబ్ పరీక్ష చేయాలి. మా ఇంటికి డబ్బా పంపినవారు నిద్ర పడుతుందా అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఆ డబ్బా మా గడప దాటి లోపలికి వచ్చేది కాదు. ఫోన్లో అడిగినవి మూడే: చిరునామా, బరువు, డబ్బు ఎలా కడతారు.

అందుచేత ఈ పరీక్ష చేసే ప్రతి సంస్థా రిపోర్టు మొదటి పేజీలోనే మూడు సంగతులు రాయడం తప్పనిసరి చేయాలని నా మనవి. ఎన్ని గంటల రికార్డింగు పనికివచ్చిందో రాయాలి. నాలుగు గంటలైనా లేకపోతే ఆ రాత్రి లెక్కకే రాకూడదు. గ్రాఫులను స్వయంగా చూసిన వైద్యుడి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం ఉండాలి. యంత్రం దానంతటదే వేసిన అంకెను మనిషి చూడకుండా పంపడం ఆగాలి. లక్షణాలు ఉండి కూడా జబ్బు లేదని వస్తే, దీనితో నిర్ధారణ ముగియలేదని, ల్యాబ్ పరీక్ష గురించి వైద్యుణ్ణి అడగాలని పేషెంటుకు తెలిసిన భాషలో రాయాలి. పరికరాల నాణ్యత మీద దేశంలో చట్టపరమైన అజమాయిషీ ఉంది. 2017 నాటి వైద్యపరికరాల నిబంధనలు ఉన్నాయి, 2020 ఏప్రిల్ నుంచి అన్ని వైద్యపరికరాలనూ ఔషధాల చట్టం కిందికి తెచ్చారు. కాని పరికరం మంచిదైనంత మాత్రాన దాన్ని కట్టే చేయి, చదివే కన్ను మంచివి కావు. కర్ణాటకలో ప్రైవేటు వైద్యసంస్థల చట్టం 2007 నుంచి ఉంది. ఆ చట్టాన్ని అమలుచేసే జిల్లా అధికారులు, ఇంటికి డబ్బాలు పంపి పరీక్షలు చేసే సంస్థలను కూడా డయాగ్నొస్టిక్ కేంద్రాలతో సమానంగా చూసి తనిఖీ చేయాలి.

సీప్యాప్ మెషీన్లు అమ్మేవారే ఉచితంగా ఇంటి పరీక్ష చేస్తామనడం గురించి కూడా చెప్పాలి. డ్రైవరుగారికి మొదట వచ్చిన ఫోను అటువంటిదే. పరీక్ష ఉచితం, మెషీన్ తమ దగ్గరే కొనాలి. ఆయనకు నిజంగానే జబ్బు ఉంది కనుక నష్టపోయేవారు కాదు. కాని గంటకు 6 వచ్చిన మనిషికి, పక్కకు తిరిగి పడుకోవడం, బరువు తగ్గడం, ముక్కు సరిచేయించుకోవడం వంటివి ముందు చెప్పవలసిన మనిషికి, అరలక్ష ఖరీదైన యంత్రం అంటగట్టరని ఎవరు హామీ ఇస్తారు? అమెరికాలో మెడికేర్ పథకం కింద, మెషీన్ సరఫరా చేసేవారికి ఇంటి పరీక్షతో ఏ సంబంధమూ ఉండకూడదు. పరికరాన్ని ఇంటికి తెచ్చివ్వడం కూడా వారు చేయకూడదు. అటువంటి గీత ఇక్కడా గీయడం కష్టమేమీ కాదు.

ఆరోగ్యబీమా సంగతి మరీ బాధాకరం. ల్యాబ్ పరీక్షకు అయిన ఖర్చు అడిగితే మా బీమా సంస్థ తిరస్కరించింది. వారు చూపిన నియమం నిజంగా ఉన్నదే. కేవలం పరీక్షల కోసం ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు ఇవ్వనక్కరలేదన్న మినహాయింపును బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో అన్ని పాలసీలకూ ఒకే మాటల్లో ప్రామాణికం చేసింది. అదే జాబితాలో ఊబకాయం ఆపరేషన్ గురించి రాసిన చోట, ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బాడీ మాస్ ఇండెక్స్ 35 గాని అంతకు మించి గాని ఉండి, బరువు తగ్గే ఇతర మార్గాలు విఫలమైనవారికి ఆపరేషన్ ఖర్చు ఇవ్వడానికి ఆధారమయ్యే తీవ్రమైన జబ్బుల్లో గుండెజబ్బు, అదుపులేని మధుమేహంతో పాటు తీవ్రమైన స్లీప్ ఆప్నియాను కూడా చేర్చారు. అంటే కడుపు కోసే ఆపరేషన్‌కు కారణం కాగల జబ్బు, దాన్ని కనిపెట్టే ఒక్క రాత్రి పరీక్షకు కారణం కాలేకపోతోంది. డాక్టరు రాసి ఇచ్చిన నిద్ర పరీక్షకు, అది ఇంట్లో జరిగినా ల్యాబ్‌లో జరిగినా, ఈ మినహాయింపు వర్తించదని ఐఆర్‌డీఏఐ ఒక్క వాక్యం చేరిస్తే చాలు.

డబ్బు పెట్టలేనివారి మాట ఏమిటి? ఈ నగరంలో హోసూరు రోడ్డు మీద మెదడు, నరాల వైద్యసంస్థ నిమ్హాన్స్ ఉంది, దాని దగ్గర్లోనే రాజీవ్ గాంధీ ఛాతీవ్యాధుల సంస్థ ఉంది. రాయలసీమ నుంచి, కోలారు, చిక్కబళ్లాపురం వైపు నుంచి తెలుగువారు ఆ గేట్ల ముందు రోజూ కనిపిస్తారు. వారందరినీ ఒక్కో రాత్రి పడుకోబెట్టడానికి ఏ సంస్థలోనూ పడకలు చాలవు. దీనికి దారి ఈ రాష్ట్రంలోనే ఉంది. డాక్టర్ పునీత్ రాజ్‌కుమార్ హృదయ జ్యోతి పథకంలో తాలూకా ఆసుపత్రిలో తీసిన ఈసీజీని దూరాన ఉన్న జయదేవ హృద్రోగ సంస్థ నిపుణులు చూసి చెబుతున్నారు. నిద్ర పరీక్షకు ఇంకా తీరిక ఉంది, నిమిషాల్లో జవాబు రానక్కరలేదు. తాలూకా ఆసుపత్రుల్లో కొన్ని పరికరాలు ఉంచి, గ్రంథాలయం నుంచి పుస్తకం ఇచ్చినట్టు రెండు రాత్రులకు ఇచ్చి, వచ్చిన రికార్డింగును నిపుణులకు పంపితే, స్పష్టంగా జబ్బు ఉన్నవారు అక్కడికక్కడే తేలిపోతారు. ల్యాబ్ పడకలు నా భార్యవంటి తేలనివారి కోసం మిగులుతాయి. బీపీ మూడు మందులకు లొంగనివారితోనూ రాత్రిపూట బస్సులు, లారీలు నడిపేవారితోనూ మొదలుపెడితే మేలు. డ్రైవింగ్ లైసెన్సు కోసం ఇచ్చే ఆరోగ్య ధ్రువీకరణలో చూపు గురించి, మూర్ఛ గురించి అడుగుతారు. నడుపుతూ నిద్ర వస్తుందా అన్న ప్రశ్న కూడా అక్కడ ఉండవలసినదే.

భాష సంగతి చెప్పి ముగిస్తాను. మా డబ్బాతో వచ్చిన వీడియో నా భార్యకు అర్థం కాకపోవడం వల్ల ముక్కు గొట్టాన్ని ఆమె మొదట తలకిందులుగా పెట్టుకుంది. అరగంట తర్వాత నేను గమనించి సరిచేశాను. డ్రైవరుగారి ఇంటికి పరికరం వచ్చిన రోజు ఆమె స్వయంగా వెళ్లి కూర్చుని, గోళ్ల రంగు తీసేయడం దగ్గర నుంచి, ముక్కు గొట్టం వంపు కిందికి ఉండేలా పెట్టుకోవడం, పట్టీ పైబట్ట మీద కాక లోపలి పల్చటి బట్ట మీద బిగించడం, ఎన్ని గంటలకు నిద్ర పట్టిందో, ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో లేవగానే కాగితం మీద రాసిపెట్టడం దాకా, అన్నీ తెలుగులో ఒక పేజీలో రాసి ఇచ్చింది. ఆమెకు పరీక్ష చేసిన ల్యాబ్ టెక్నీషియన్ ఆ పేజీని చూసి, రెండు తప్పులు దిద్ది, తమ దగ్గరికి వచ్చే తెలుగు పేషెంట్లకు జిరాక్సు తీసి ఇస్తున్నారు. మీ ఆరోగ్యం పేజీలో చోటు ఉంటే ఆ కాగితం మీకు పంపుతాము.

ఇట్లు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
యలహంక, బెంగళూరు